చేతులు రానివారు నాలుకతో ఫోన్ నడపడం: ఇంట్లోనే అమర్చుకునే పద్ధతి

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే చేతులు, కాళ్లు పడిపోతాయి. నాలుక మాత్రం చాలామందిలో ఎప్పటిలాగే ఆడుతుంది. చేతులకు పోయే నరాలు మెడలోని వెన్నుపాము నుంచి బయలుదేరతాయి. నాలుకను కదిలించే నరం, కపాల నరాల్లో 12వది, మెదడు కింది భాగం నుంచి నేరుగా నాలుకకే వస్తుంది. అది వెన్నుపాము గుండా పోదు కాబట్టి, మెడ విరిగినా మామూలుగా దాని దారికి అడ్డం రాదు. తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికుడైనా, బైక్ మీద పోతూ పడ్డ కాలేజీ పిల్లగాడైనా, ఆ మిగిలిన నాలుకతోనే ఇంట్లోవాళ్లను పిలవొచ్చు, ఫోన్ ఎత్తొచ్చు, యూట్యూబ్ చూడొచ్చు, మెసేజ్ పంపొచ్చు.

నాకు హన్మకొండలో మొబైల్ రిపేర్ షాపు ఉంది. మా చిన్నబాపు వర్ధన్నపేట దిక్కు ఊళ్లో తాళ్లు గీసేవాడు. చెట్టు మీది నుంచి పడ్డప్పుడు మెడలో సి5 దగ్గర, అంటే వెన్నుపాములో ఐదో మెడ నరం స్థాయిలో, దెబ్బ తగిలింది. ఇప్పుడు భుజాలు లేస్తాయి, మోచెయ్యి వంగుతుంది. మణికట్టు, వేళ్లు కదలవు. ఈ పని ఆయన కోసం మొదలుపెట్టాను. ఆ నోటా ఈ నోటా విని షాపుకొచ్చిన ఇంకొందరికి కూడా అమర్చి ఇచ్చాను. నేను డాక్టర్‌ను కాదు, కాబట్టి వైద్యం సంగతి వచ్చినచోట డాక్టర్ దగ్గరికే పొమ్మంటాను. సోల్డరింగ్, సెట్టింగుల సంగతి మాత్రం ధైర్యంగా చెప్తాను.

నా లెక్కలో పరికరం చిన్న విషయం. స్విచ్ ఎక్కడ నిలబడాలి, మనిషి తల తిప్పితే దాంతోపాటు తిరుగుతుందా లేదా, ఇదే అసలు పని. చిన్నబాపు ఈ మాట తన పద్ధతిలో అన్నాడు: "మోకు యాడ ఏసుకోవాల్నో తెల్వనోడు చెట్టెక్కుతడారా?" కాబట్టి ఆన్‌లైన్‌లో ఏం దొరుకుతుందో వెతికేముందు మనిషి ఎదురుగా కూర్చోండి.

ముందు నాలుకను చూడాలి

నాలుక చాపమనండి. నిటారుగా వస్తుందా, ఒక పక్కకు వాలుతుందా గమనించండి. పెదవుల రెండు మూలలూ తాకమనండి. తర్వాత నోరు మూసుకుని, నాలుకతో బుగ్గను లోపలి నుంచి బయటికి నెట్టమనండి. బయట మీ వేలు ఆనించి ఉంచండి. వేలికి ఆ నెట్టుడు స్పష్టంగా తెలియాలి. నెట్టి, ఒక్క క్షణం ఆపి, పూర్తిగా వదలగలగాలి. నెట్టడం దాదాపు అందరికీ వస్తుంది. వదలడం దగ్గరే తేడా తెలుస్తుంది. వదిలీ వదలనట్టు ఉంటే స్విచ్ నొక్కుకునే ఉండిపోతుంది.

రెండు పక్కలా చేయించండి. ఏ పక్క బలంగా ఉందో, ఏ పక్క సులువో వాళ్లనే అడగండి. మీకు నచ్చిన పక్క కాదు, వాళ్లకు నచ్చిన పక్క పెట్టాలి.

పక్షవాతం వచ్చినవాళ్లలో, మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్నవాళ్లలో నాలుక కూడా బలహీనపడొచ్చు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరు పిల్లల్లో నాలుక తన ఇష్టం వచ్చినట్టు ముందుకు తోసుకొస్తుంటుంది. నీళ్లు తాగితే పొలమారుతున్నా, చొంగ ఆగకుండా కారుతున్నా ముందు స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. అలాంటివాళ్లకు నాలుక కంటే కనుబొమ్మో, గడ్డమో, తల పక్కన పెట్టే స్విచ్చో నయం కావచ్చు. గుట్కా అలవాటు ఉన్నవాళ్లయితే నోరు ఎంత తెరుచుకుంటుందో కూడా చూడండి. తన మూడు వేళ్లు నిలువునా పట్టేంత తెరుచుకోకపోతే దవడ బిగుసుకుందని అర్థం. బుగ్గలు కూడా గట్టిపడి ఉంటాయి, నెట్టినా ఉబ్బవు. ముందు పళ్ల డాక్టర్‌ను కలవాలి.

మొదట బెల్లు, తర్వాతే ఫోన్

వచ్చినవాళ్లందరూ ఫోన్ గురించే అడుగుతారు. నేను బెల్లుతోనే మొదలుపెడతాను. రాత్రి రెండింటికి దాహమేస్తే, యూరిన్ పైపు మడతపడితే, పక్కకు తిప్పమని అడగాలంటే మంచం మీది మనిషికి అరుపు ఒక్కటే దారి. పక్క గదిలో కూలర్ తిరుగుతుంటే ఆ అరుపు కూడా వినబడదు. మా చిన్నమ్మ చాన్నాళ్లు ఆ మంచం పక్కన కింద చాప వేసుకునే పడుకుంది, ఎక్కడ పిలుస్తాడో అని సగం నిద్రలో.

ఇంటి తలుపుకు పెట్టే వైర్‌లెస్ కాలింగ్ బెల్లు ఒకటి కొనండి. గోడకు ప్లగ్గు పెట్టే రకం వద్దు, కరెంటు పోతే మోగదు. సెల్స్‌తో నడిచే రకం తీసుకోండి. బటన్ ఉన్న చిన్న డబ్బా విప్పితే లోపల నాలుగు కాళ్ల చిన్న స్విచ్ కనబడుతుంది. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, బటన్ నొక్కినప్పుడు మాత్రమే బీప్ వచ్చే రెండు కాళ్లు పట్టుకోండి. ఎప్పుడూ బీప్ వచ్చే జత లోపలే కలిసి ఉంటుంది, అది పనికిరాదు. ఆ రెండు కాళ్లకు రెండు సన్నని వైర్లు సోల్డర్ చేసి, డబ్బాకు చిన్న రంధ్రం పెట్టి, 3.5 మిల్లీమీటర్ల మోనో జాక్ బిగించండి. పాత ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే సైజు అది. ప్రపంచంలో ఎక్కడైనా చేతులు రానివారి స్విచ్‌లకు ఎక్కువగా వాడేది ఈ జాకే. రేపు ఎవరైనా మంచి స్విచ్ కొనిచ్చినా నేరుగా ఇందులో దిగుతుంది.

బుగ్గ స్విచ్ తయారు చేయడం

నోట్లో ఏమీ పెట్టకుండా నాలుకను వాడుకునే దారి ఇది. నాలుక లోపలి నుంచి బుగ్గను నెడుతుంది, ఉబ్బిన బుగ్గ బయట ఉన్న స్విచ్‌ను నొక్కుతుంది. ఎంగిలి తగలదు, మింగేస్తారన్న టెన్షన్ లేదు, తీసి పెట్టడం సులువు.

కావలసినవి: పొడుగు లివర్ (నొక్కే రేకు) ఉన్న మైక్రో స్విచ్, కాల్ సెంటర్లలో వాడే రకం మైకు కాడ ఉన్న పాత హెడ్‌సెట్, మీటరున్నర సన్నని రెండు పోగుల వైరు, 3.5 మోనో పిన్ను, ఒక చొక్కా గుండీ, మైక్రోపోర్ టేపు, రెండు మూడు కేబుల్ టైలు. మైక్రో స్విచ్‌లను షాపుల్లో లిమిట్ స్విచ్ అని కూడా అంటారు. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడగండి, లేకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కొనేటప్పుడు చిటికెన వేలితో నొక్కి చూడండి. చిటికెన వేలికి బరువనిపిస్తే బుగ్గకు ఇంకా బరువు. లివర్ ఎంత పొడుగైతే అంత తేలిక. "టక్" అని చప్పుడు చేసేదే మంచిది. పడిందో లేదో మనిషికి చెవితో తెలిసిపోతుంది.

స్విచ్‌కు మూడు కాళ్లు ఉంటాయి. కామన్, నార్మల్లీ ఓపెన్ అనే రెండింటికే వైర్లు కలపాలి. మూడోది వదిలేయండి. వైరు రెండో కొసకు మోనో పిన్ను బిగించండి, అది బెల్లు జాక్‌లో దిగుతుంది. పక్కన అక్షరాలు అరిగిపోయి ఉంటే మల్టీమీటర్ చెప్తుంది: నొక్కితేనే బీప్ రావాలి. కాళ్ల మీద ష్రింక్ ట్యూబ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) వేయండి, చెమట లోపలికి పోకుండా.

లివర్ రేకు అంచు చర్మాన్ని గీకుతుంది. దాని కొసకు చొక్కా గుండీని హాట్ గ్లూతో అతికించి, గుండీ మీద పలుచగా దూది పెట్టి, మైక్రోపోర్ టేపు చుట్టండి. టేపు రోజూ మార్చాలి. గుండీ ఎందుకంటే, బుగ్గ ప్రతిసారీ ఒకేచోట ఉబ్బదు. గుండీ వెడల్పుగా ఉంటుంది కాబట్టి కాస్త ఇటూ అటూ తగిలినా లివర్ దిగుతుంది.

ఇక నిలబెట్టడం. మంచానికి బిగించే గూస్‌నెక్ స్టాండు (ఎటు కావాలంటే అటు వంగే కాడ) చూడ్డానికి బాగుంటుంది. సాయంత్రానికి బరువుకు వాలిపోతుంది. మనిషి దిండు మీద రెండు వేళ్లు కిందికి జారినా స్విచ్ ముక్కు దగ్గరికి వస్తుంది. నేను వాడేది హెడ్‌సెట్. మైకు కాడ చివర మైకు కత్తిరించేసి, అక్కడ స్విచ్‌ను చిన్న కేబుల్ టైతో బిగిస్తాను. తల ఎటు తిరిగితే స్విచ్ అటే తిరుగుతుంది. చెవి మీద కూర్చునే దూది గిన్నెల్లో ఒకటి తీసేయండి, ఇంట్లోవాళ్ల మాట వినబడాలి. వైరును తల వెనక పట్టీకి కట్టి, మెడ వెనక నుంచి భుజం మీదుగా దింపండి. ముందు నుంచి వేలాడేస్తే దుప్పటి లాగినప్పుడల్లా హెడ్‌సెట్ ఊడొస్తుంది.

ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి, ఆయన్ను నాలుకతో బుగ్గను నెట్టమని, అన్నిటికంటే ఎత్తుగా ఉబ్బినచోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. పెదవి మూల నుంచి ఒకటి రెండు వేళ్లు వెనక్కి వస్తుంది చాలామందికి. గుండీ ఆ చుక్కకు ఎదురుగా, చర్మానికి తగలకుండా, కాస్త ఖాళీ వదిలి ఉండాలి. తర్వాత ఆయనతో మాట్లాడించండి, నవ్వించండి, గుటక వేయించండి. వీటిలో దేనికీ "టక్" వినబడకూడదు. వినబడితే కాడను ఒక్క పిసరు దూరం జరపండి. ఈ జరపడం మీద అరగంట పోయినా పోనివ్వండి. గడ్డం మాసి ఉంటే వెంట్రుకలు టేపుకు పట్టుకుంటాయి, గీయించాకే మొదలుపెట్టండి.

సాయంత్రం తీశాక బుగ్గ మీద ఎరుపు ఉందేమో చూడండి. తీసిన కాసేపటికి పోతే పరవాలేదు, పోకపోతే మరుసటి రోజు ఖాళీ పెంచండి. తినేటప్పుడు, తాగేటప్పుడు తీసేయాలి.

ఫోన్‌కు కలపడం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్విచ్ యాక్సెస్ అనే ఏర్పాటు ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ లోపల చూడండి, లేకపోతే ప్లే స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇది కీబోర్డు మీది ఏదో ఒక కీని స్విచ్‌గా తీసుకుంటుంది. అంటే మన బుగ్గ స్విచ్ ఫోన్‌కు ఒక కీలా కనబడాలి, అంతే.

పాత యూఎస్‌బీ కీబోర్డు విప్పండి. పైన ప్లాస్టిక్ పొరలు తీసేస్తే మూలన అరచెయ్యి కంటే చిన్న బోర్డు ఒకటి ఉంటుంది, దాని అంచున నల్లని గీతలు వరుసగా ఉంటాయి. కంప్యూటర్‌కు కలిపి, నోట్‌ప్యాడ్ తెరిచి, ఒక వైరు ముక్కతో రెండేసి గీతలను తాకిస్తూ పోండి. ఏదో అక్షరం పడుతుంది. రెండు వేర్వేరు అక్షరాలు వచ్చే రెండు జతలు రాసిపెట్టుకోండి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే ఆ నల్లటి కార్బన్ పూత మీద సోల్డర్ నిలవదు. చాలా బోర్డుల్లో బ్లేడుతో మెల్లగా గీకితే కింద ఎర్రగా రాగి తేలుతుంది. దానికి ఫ్లక్స్ రాసి, సన్నని మొన ఉన్న ఐరన్‌తో వైరు అతికించండి. ఎక్కువసేపు వేడి పెడితే గీత లేచిపోతుంది. రెండు జతలకు రెండు మోనో జాక్‌లు. బోర్డును చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఓటీజీ కేబుల్‌తో (ఫోన్‌కు యూఎస్‌బీ వస్తువులు కలిపే వైరు) ఫోన్‌కు కలపండి.

దీనితో ఒక ఇబ్బంది ఉంది. ఓటీజీ పెట్టాక చాలా ఫోన్లు ఛార్జింగ్ ఎక్కవు. అప్పుడు ఇదే పని చిన్న బ్లూటూత్ కీబోర్డు మీద చేయాలి. దాని తిక్క వేరు: కాసేపు వాడకపోతే బ్యాటరీ మిగుల్చుకోవడానికి నిద్రపోతుంది, మొదటి నొక్కుడు దాన్ని లేపడానికే సరిపోతుంది. వాడే మనిషికి ఈ సంగతి ముందే చెప్పకపోతే స్విచ్ చెడిపోయిందనుకుంటారు. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలెవరైనా దగ్గర్లో ఉంటే ఈఎస్‌పీ32 అనే చిన్న బ్లూటూత్ చిప్ బోర్డుతో బ్లూటూత్ కీబోర్డులా పనిచేసేది చేసిపెట్టమనండి, వాళ్లకు అది పెద్ద పనేం కాదు. పైన చెప్పిన బెల్లు, స్విచ్, కీబోర్డు అన్నీ కలిపి, చెత్తలో దొరికేవి దొరికితే, నా షాపు లెక్కలో వెయ్యి రూపాయలు దాటదు.

ఫోన్‌లో సెట్టింగులు

ఒక్క బుగ్గే వాడితే ఆటో స్కాన్ పెట్టండి. తెర మీది బటన్ల చుట్టూ గీత ఒకదాని తర్వాత ఒకటి తనంతట తానే జరుగుతుంది, కావలసినచోటికి రాగానే బుగ్గ నెట్టాలి. రెండు బుగ్గలూ వాడగలిగితే, ఒకటి ముందుకు జరపడానికి, ఒకటి ఎంచుకోవడానికి. నాకు రెండోదే ఇష్టం, గీత మనిషి కోసం ఆగుతుంది. మొదటి దాంట్లో గీతకు తగ్గట్టు మనిషి తొందరపడాలి. హెడ్‌సెట్‌కు రెండో పక్క కాడ ఉండదు కాబట్టి ఇంకో హెడ్‌సెట్ కాడ కోసి అతికించాలి.

ఆటో స్కాన్ వేగం మొదట బాగా తగ్గించండి. మీకు విసుగొచ్చేంత మెల్లగా ఉంటేనే వాళ్లకు సరిపోతుంది. వెంటవెంటనే పడిన రెండో నొక్కును వదిలేసే సమయం కూడా పెట్టుకోవచ్చు, అది తప్పకుండా పెట్టండి. బుగ్గ వణికితే ఒకటి రెండయ్యేది ఇక్కడే.

మా షాపుకు తిరిగొచ్చిన ఫోన్లలో ఎక్కువగా కనబడ్డవి మూడు. ఒకటి, కీబోర్డు కలపగానే తెర మీది కీబోర్డు మాయమవుతుంది. నిజం కీబోర్డు ఉంది కదా అనుకుంటుంది ఫోన్. సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డు దగ్గర, తెర మీది కీబోర్డు కూడా చూపించమనే బటన్ ఆన్ చేయాలి. రెండు, కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ స్విచ్ యాక్సెస్‌ను వెనకాల ఆపేస్తుంది, స్విచ్ యాక్సెస్‌ను అది ఆపేసే యాప్‌ల జాబితా నుంచి తప్పించాలి. మూడు, స్క్రీన్ లాక్. బుగ్గతో పిన్ కొట్టడం సాధ్యమే, రోజుకు ఇరవైసార్లు కొట్టాలంటే ఎవరికైనా కోపమొస్తుంది. తెర ఆరిపోయే సమయం పెంచండి. ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉంటే లాక్ తీసేయాలా వద్దా అన్నది ఆ ఫోన్ ఎవరిదో వాళ్లే చెప్పాలి.

టైపింగ్ అంతా స్విచ్‌తో చేయాల్సిన పనిలేదు. జీబోర్డు, అంటే గూగుల్ కీబోర్డు, తెలుగు మాట వింటుంది. నాలుకతో మైకు గుర్తు దాకా పోయి నొక్కి, తర్వాత మాట్లాడితే చాలు. మన యాస దానికి కొన్నిసార్లు అర్థం కాదు. చిన్నబాపు "గట్లనే" అంటే అది ఏవేవో రాస్తుంది. అయినా అక్షరం అక్షరం వెతుక్కోవడం కంటే మేలు.

సోల్డరింగ్ జోలికి పోలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. స్విచ్ యాక్సెస్‌లోనే కెమెరా స్విచ్ ఉంటుంది. ముందు కెమెరా మొహాన్ని చూస్తూ నవ్వడం, నోరు తెరవడం, కనుబొమ్మలు ఎత్తడం, కళ్లు కుడికి, ఎడమకు, పైకి తిప్పడం, ఈ ఆరింటినీ స్విచ్‌లుగా తీసుకుంటుంది. నాలుక అందులో లేదు. ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్లలో స్విచ్ కంట్రోల్ లోపల తలను గమనించే ఏర్పాటుంది, దాంట్లో నాలుక బయటపెట్టడం కూడా ఒక సైగ. ఐఫోన్‌లోనే నాలుకను అంగిటికి కొట్టి చేసే "టక్" లాంటి చప్పుళ్లను కూడా స్విచ్‌గా పెట్టుకోవచ్చు, 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి. కెమెరా దారికి మొహం మీద వెలుతురు కావాలి, ఫోన్ ఎదురుగా కదలకుండా ఉండాలి. రాత్రి కరెంటు పోతే అది పనికిరాదు. అందుకే కెమెరా పెట్టుకున్నా బెల్లుకు మాత్రం స్విచ్ ఉంచండి.

నోట్లో పెట్టుకునే పరికరాలు

వీటి వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, కాబట్టి ఏది ఏమిటో తెలిసి ఉండాలి. అమెరికాలోని జార్జియా టెక్‌లో తయారుచేసిన టంగ్ డ్రైవ్‌లో నాలుకకు కుట్టిన చిన్న అయస్కాంతం ఉంటుంది. నాలుక కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, తలకు పెట్టుకున్న హెడ్‌సెట్‌లోని సెన్సర్లు దాన్ని పట్టుకుని వీల్‌చైర్‌నో, కంప్యూటర్‌నో నడుపుతాయి. 2013లో దీని ఫలితాలు వచ్చాయి. గొట్టంలోకి ఊదుతూ, పీలుస్తూ నడిపే పాత పద్ధతి కంటే సగటున మూడింతలు వేగంగా పనిచేశారు, తప్పులు పెరగలేదు. డెన్మార్క్‌వాళ్ల ఐటంగ్‌లో అంగిటికి అమిరే పలక, నాలుకకు చిన్న లోహపు ముక్క ఉంటాయి. ఇప్పుడు కొత్తగా వినబడుతున్నది ఆగ్మెంటల్ కంపెనీ మౌత్‌ప్యాడ్. పళ్లను స్కాన్ చేసి, త్రీడీ ప్రింటర్‌తో క్లిప్పులా తయారుచేసి, అంగిటి దగ్గర టచ్‌ప్యాడ్ పెడతారు. నాలుకతో దాని మీద జరిపితే బ్లూటూత్ మౌస్‌లా పనిచేస్తుంది, నాలుకకు ఏమీ కుట్టాల్సిన అవసరం లేదు. ఇవి వాడాలంటే పళ్లు, చిగుళ్లు బాగుండాలి, రోజూ కడగాలి, రోజూ ఛార్జ్ చేయాలి, చెడితే బాగుచేసేవాళ్లు మన దగ్గర లేరు. కొనే స్తోమత ఉంటే మౌత్‌ప్యాడ్ లాంటిది చూడండి అంటాను, అదీ బుగ్గ స్విచ్‌తో అలవాటు పడ్డాకే.

ఒక్కటి మాత్రం ఖచ్చితంగా చెప్తాను: వీడియో చూసి ఇంట్లో చిన్న అయస్కాంతాన్ని నాలుకకు అతికించే ప్రయత్నం చేయకండి. చిన్న అయస్కాంతాలు రెండు కడుపులోకి పోతే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుని మధ్యలో ఉన్న పేగును తొలిచేస్తాయి. ఆపరేషన్ దాకా పోతుంది. ఎంఆర్‌ఐ గదిలోకి పోయేటప్పుడు నోట్లో అయస్కాంతం ఉంటే అది ఇంకో ప్రమాదం. బటన్ బ్యాటరీలూ అంతే, నోటి దగ్గరికి రానివ్వొద్దు.

నోట్లో కర్ర పట్టుకుని తెర మీద పొడవడం కూడా మంచి పద్ధతే, మెడ బాగా తిరిగేవాళ్లకు. కర్రకు స్టైలస్ రబ్బరు తొడిగితే సరిపోదు. టచ్ స్క్రీన్‌కు ఒంటితో కలిసిన దారి కావాలి, కట్టె, ప్లాస్టిక్ ఆ దారిని తెంపేస్తాయి. అల్యూమినియం గొట్టం వాడండి, అది చర్మానికి తగిలేలా చూడండి. పళ్లతో పట్టుకునే చోటికి పళ్ల డాక్టర్‌తో అచ్చు తీయించి పట్టు చేయించుకోవాలి. ఒట్టి గొట్టాన్ని రోజూ ముందు పళ్లతో కొరికి పట్టుకుంటే పళ్లు కదులుతాయి.

అలవాటు చేయడం

మొదటిరోజు ఏబీసీడీలు టైపు చేయించకండి. ఆ మనిషికి ఏది కావాలో అది పెట్టండి. చిన్నబాపుకు ఒగ్గు కథలు కావాలి. హెడ్‌సెట్ పెట్టగానే, "ఏందిరా, గీ నాలుకతోని ఊరంతటిని తిట్టిన, ఇప్పుడు ఫోన్ నడుపుమంటున్నవ్" అన్నాడు. బుగ్గతో ఆయన నేర్చుకున్న మొదటి పని యూట్యూబ్‌లో యాడ్ దాటేయడం. ఆ గీత స్కిప్ బటన్ మీదికి వచ్చే క్షణం కోసం ఊపిరి బిగబట్టి చూసేవాడు, పడితే చిన్నమ్మను పిలిచి చూపించేవాడు. దాని తర్వాత ఫోన్ ఎత్తడం, పెట్టేయడం ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలేదు.

కాసేపే చేయించండి. నాలుక అంత తొందరగా అలసిపోదు, మనసు అలసిపోతుంది. తిన్న వెంటనే వద్దు. పడుకునే ఉంటే తల వైపు కాస్త ఎత్తి పెట్టండి, ఎంగిలి గొంతులోకి జారకుండా.

ఛాతీ మధ్య భాగం, అంటే టి6, అంతకంటే పైన దెబ్బ తగిలినవాళ్ల ఇంట్లోవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ప్రాక్టీస్ మధ్యలో ఉన్నట్టుండి తల పగిలిపోతున్నట్టు నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు వస్తే అది నాలుక అలసట అనుకోవద్దు. బీపీ ఒక్కసారిగా పెరిగిందని అర్థం. వెంటనే కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, యూరిన్ పైపు మడతపడిందా, సంచి నిండిందా చూడండి. ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

సర్టిఫికెట్ సంగతి ఒక ముక్క. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే చాలా పథకాలకు దారి ఉండదు, ముందు అవి చేయించుకోండి. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర పథకం పేరు అడిప్, పరికరాలు ఎక్కువగా అలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నుంచి వస్తాయి. క్యాంపుకు పోయేటప్పుడు ఏం కావాలో కాగితం మీద రాసుకుని పోండి. మేం పోయిన ఒక క్యాంపులో, చేతులు కదలని మనిషికి చేతులతో తిప్పే మూడు చక్రాల బండి రాశారు. చిన్నబాపు పడీ పడీ నవ్వాడు, చిన్నమ్మకు మాత్రం ఏడుపొచ్చింది. "నోటితో, బుగ్గతో నొక్కే స్విచ్ కావాలి" అని రాసిన కాగితం చేతిలో ఉంటే కనీసం చదువుతారు.

కరెంటు వీల్‌చైర్‌కు ఈ బుగ్గ స్విచ్ కలపమని అడుగుతుంటారు. నేను కలపను. ఫోన్‌లో తప్పు నొక్కితే తప్పు వీడియో వస్తుంది. వీల్‌చైర్‌లో తప్పు నొక్కితే మనిషి మెట్ల మీది నుంచి పోతాడు. వైరు తెగినా, బ్యాటరీ అయిపోయినా బండి దానంతట అదే ఆగేలా తయారైన కంపెనీ కంట్రోలర్ ఉంటే తప్ప వద్దు.

ఫ్యాన్ మాత్రం చేయొచ్చు, చేయాలి కూడా. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు దెబ్బ కింది భాగంలో చెమట సరిగ్గా పట్టదు, ఒళ్లు తనను తాను చల్లార్చుకోలేదు. మన మే నెల ఎండల్లో వాళ్లకు జ్వరంలా వేడెక్కుతుంది. 230 వోల్టుల వైర్లకు మన జాక్‌లు కలపకండి. వైఫై స్మార్ట్ ప్లగ్ ఒకటి కొని టేబుల్ ఫ్యాన్‌ను దానికి పెట్టండి, ప్లగ్ యాప్‌లోని బటన్‌ను ఫోన్ మొదటి తెర మీదికి తీసుకురండి, వరుసలో మొదటి గడిలో పెట్టండి. అక్కడైతే స్కాన్ గీత తొందరగా దాని మీదికి వస్తుంది, తక్కువ నెట్టులతోనే ఫ్యాన్ తిరుగుతుంది. కూలర్ మోటారుకు మాత్రం ఎక్కువ ఆంపియర్ల ప్లగ్ తీసుకోండి, చిన్నవి వేడెక్కుతాయి.